గాడిద బండి కుర్రాడు రాసిన నిఘంటువు

పోయిన సెమిస్టర్‌లో మాకు మాక్ ఇంటర్వ్యూలు జరిగాయి. బయటి నుంచి వచ్చిన ట్రైనర్ ఒకాయన నా సెల్ఫ్ ఇంట్రడక్షన్ అంతా విని, ఫీడ్‌బ్యాక్ కాగితం మీద మూడంటే మూడు అక్షరాలు రాసిచ్చారు. ఎం.టి.ఐ. అంటే మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్ అట. నా ప్రాజెక్ట్ గురించి ఒక్క ముక్క లేదు. రక్తపరీక్ష రిపోర్టులో రోగం పేరు చూసుకున్నట్టు ఆ కాగితం చూసుకుంటూ హాస్టల్‌కి వచ్చాను.

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఇదే పని నేనూ ఇంతకుముందు ఒకసారి చేశాను. ఫస్టియర్‌లో చేరిన రోజు నన్ను దిగబెట్టడానికి మా నాయనమ్మ కూడా శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరి నుంచి వచ్చింది. రూమ్మేట్ల ముందు ఆవిడ మా ఊరి యాసలో గట్టిగా మాట్లాడుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. కాస్త నెమ్మదిగా మాట్లాడమని చెవిలో చెప్పాను. ఆవిడ నెమ్మదిగా మాట్లాడలేదు, అసలు మాట్లాడటమే మానేసింది. బస్సెక్కే దాకా నోరు విప్పలేదు.

సరే, అసలు విషయానికి వస్తాను. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం కదా, మన పత్రికకి గిడుగు రామమూర్తి గారి మీద ఏదైనా రాద్దామని కూర్చున్నాను. జనం మాట్లాడే భాషకి గౌరవం ఉండాలని ఆయన ఇక్కడ పోరాడుతున్న రోజుల్లో, ఇంగ్లిష్‌వాళ్ళ దేశంలో వాళ్ళ యాసల కోసం ఎవరైనా పనిచేశారా అని వెతికితే జోసెఫ్ రైట్ దొరికాడు. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాసిన టోల్కీన్‌కి గురువు అంటే మీకు తొందరగా గుర్తుంటుంది. ఆయన కథ చదివాక గిడుగు గారి వ్యాసం వచ్చే సంచికకి వాయిదా వేశాను. సంపాదకులు క్షమించాలి.

జోసెఫ్ రైట్ 1855 అక్టోబర్ 31న పుట్టాడు. ఊరు ఉత్తర ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లోని బ్రాడ్‌ఫర్డ్ దగ్గర థాక్లీ. తండ్రి కొన్నాళ్ళు నేతపని, కొన్నాళ్ళు రాళ్ళ క్వారీలో పని చేసేవాడు. ఇంట్లో గడవడం కష్టం. అందుకని ఆరేళ్ళ వయసులోనే పిల్లవాడిని క్వారీలో పనికి పెట్టారు. గాడిద బండి తోలుకుంటూ క్వారీలో మొద్దుబారిన పనిముట్లను కమ్మరి కొలిమికి తీసుకెళ్ళి సానపట్టించుకు రావడం అతని ఉద్యోగం. మనం ఒకటో క్లాసులో పలక పట్టుకున్న వయసు అది.

తర్వాత సాల్టేర్ అనే ఊళ్ళో టైటస్ సాల్ట్ గారి పెద్ద ఉన్ని మిల్లులో చేరాడు. ఆ మిల్లు ఊరు ఇప్పుడు యునెస్కో వారసత్వ స్థలం, టూరిస్టులు వెళ్ళి ఫొటోలు దిగుతారు. అప్పట్లో మాత్రం పసిపిల్లలు పనిచేసే చోటు. నూలు నిండిన బాబిన్లు తీసేసి ఖాళీవి పెట్టే డాఫర్ పని ఇతనిది. మిల్లువాళ్ళు నడిపే బడి ఒకటుండేది, సగం రోజు పని, సగం రోజు చదువు. ఆ సగం చదువు ఎంత అంటిందంటే, పదిహేనేళ్ళు వచ్చేసరికి కూడా అతను ఒక వార్తాపత్రిక చదవలేడు.

అదే అతని జీవితంలో మలుపు అయింది. 1870లో ఫ్రాన్స్‌కీ ప్రష్యాకీ యుద్ధం వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ మిల్లులో ఒకాయన పేపర్ తెచ్చి యుద్ధం వార్తలు పైకి చదివేవాడు, మిగతావాళ్ళు చుట్టూ చేరి వినేవాళ్ళు. తన సంగతి తను చదువుకోలేకపోతున్నానే అని ఈ కుర్రాడికి రోషం వచ్చింది. ఇంట్లో ఉన్న బైబిల్ ముందేసుకుని అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు. తమాషా ఏంటంటే, ఇంగ్లండ్‌లో ఊరూరా బడులు రావడానికి దారి తీసిన ప్రాథమిక విద్యా చట్టం కూడా అదే 1870లో వచ్చింది. ఇతని వరకు అది కొన్నేళ్ళు ఆలస్యం.

ఇక ఆగలేదు. అప్పటికి ఉన్నిని నాణ్యత బట్టి వేరుచేసే సార్టర్ పనిలోకి మారాడు. పగలు ఉన్ని, రాత్రి బ్రాడ్‌ఫర్డ్‌లో నైట్ స్కూల్. ఫ్రెంచ్, జర్మన్, లాటిన్, లెక్కలు, షార్ట్‌హ్యాండ్, ఏది దొరికితే అది నేర్చుకున్నాడు. పద్దెనిమిదేళ్ళకి తనే ఒక నైట్ స్కూల్ పెట్టి తోటి పనివాళ్ళకి వారానికి రెండు పెన్నీల ఫీజుతో పాఠాలు చెప్పాడు. నాకు ఇక్కడ మన సీనియర్లు గుర్తొచ్చారు. ఎగ్జామ్ ముందు రాత్రి నేర్చుకున్నది అదే రాత్రి పక్కరూమ్ వాళ్ళకి చెప్పేవాళ్ళకే సబ్జెక్ట్ నిలబడుతుంది.

1876 నాటికి 40 పౌండ్లు కూడబెట్టాడు. ఆ డబ్బుతో మనవాడు జర్మనీలో హైడెల్‌బర్గ్ యూనివర్సిటీకి బయల్దేరాడు. ఓడలో బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవు దాకా వెళ్ళి, రైలు ఖర్చు మిగులుతుందని అక్కడి నుంచి హైడెల్‌బర్గ్‌కి నడిచి వెళ్ళాడు. ఆ డబ్బు ఒక టర్మ్ చదువుకి సరిపోయింది. వెనక్కి వచ్చి బడిపంతులుగా పనిచేస్తూ లీడ్స్‌లోని యార్క్‌షైర్ కాలేజీలో చదువు కొనసాగించాడు. మళ్ళీ డబ్బు కూడగట్టి మళ్ళీ హైడెల్‌బర్గ్ వెళ్ళాడు. 1885లో డాక్టరేట్ అందుకున్నాడు. పదిహేనేళ్ళ కింద పేపర్ చదవడం రాని కుర్రాడు, గ్రీకు భాషలో అచ్చుల మార్పుల మీద సిద్ధాంత గ్రంథం రాశాడు.

హైడెల్‌బర్గ్‌లో ఆయనకి దొరికిన గురువు హెర్మన్ ఓస్తాఫ్. ఈ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే రైట్ చేసిన పని మొత్తానికి మూలం ఇక్కడుంది. ఓస్తాఫ్, కార్ల్ బ్రుగ్‌మాన్, వాళ్ళ స్నేహితులు కొందరు అప్పట్లో కుర్ర పండితులు. 1878లో వాళ్ళు పెద్దలకి కోపం తెప్పించే మాట ఒకటి ప్రకటించారు. భాషలో ధ్వనులు ఇష్టమొచ్చినట్టు మారవు, ఒక నియమం ప్రకారం మారతాయి, ఒక ధ్వని ఒక పదంలో మారితే అలాంటి పరిస్థితి ఉన్న ప్రతి పదంలోనూ మారుతుంది అన్నారు. ఆ నియమాలు తెలుసుకోవాలంటే పాత రాతప్రతులు మాత్రమే చాలవు, ఈరోజు పల్లెల్లో జనం మాట్లాడే యాసలు కూడా వినాలి అన్నారు. మనలాంటివాళ్ళ భాషలో చెప్పాలంటే, యాస అంటే నాయిస్ కాదు, అదొక ఫంక్షన్. ఇన్‌పుట్ తెలిస్తే అవుట్‌పుట్ చెప్పొచ్చు.

ఈ మాట విన్న విద్యార్థుల్లో చాలామందికి యాస అంటే పుస్తకంలో విషయం. రైట్‌కి మాత్రం అది అమ్మ మాట్లాడిన మాట.

1888లో ఆయన ఆక్స్‌ఫర్డ్ చేరాడు. పిలిచింది ఎవరో కాదు, ఋగ్వేదాన్ని అచ్చువేయించిన మాక్స్ ముల్లర్. మొదట మహిళల ఉన్నత విద్య కోసం ఏర్పడిన సంఘంలో పాఠాలు చెప్పాడు. అదే ఏడాది, సంస్కృతం నుంచి ఇంగ్లిష్ దాకా ఉన్న భాషల బంధుత్వం గురించి బ్రుగ్‌మాన్ రాసిన పెద్ద గ్రంథం మొదటి సంపుటికి ఆయన చేసిన ఇంగ్లిష్ అనువాదం వచ్చింది.

ఆక్స్‌ఫర్డ్‌లో పేరు నిలబడాక మొదట ఏం రాస్తారు ఎవరైనా? 1892లో ఈయన రాసిన పుస్తకాల్లో ఒకటి విండ్‌హిల్ యాస వ్యాకరణం. విండ్‌హిల్ అంటే ఆయన పెరిగిన మిల్లు కార్మికుల పేట. గ్రీకుకీ సంస్కృతానికీ రాసినట్టే, అంతే శ్రద్ధగా, ఆ పేట మాటకి వ్యాకరణం రాశాడు.

అందులోంచి ఒక చిన్న ఉదాహరణ చెప్తాను. ఇంగ్లిష్‌లో ఇల్లుని హౌస్ అంటాం. విండ్‌హిల్‌లో దాన్ని ఆస్ అనేవారు. బాగా చదువుకున్న లండన్ మనిషి వింటే, వీడికి నోరు తిరగదు అనుకుంటాడు. కానీ ఎలుక మౌస్ కాదు, మాస్. కిందకి అనే డౌన్ కాదు, డాన్. బయటకి అనే అవుట్ కాదు, ఆట్. పాత ఇంగ్లిష్‌లో ఈ పదాలన్నిటిలోనూ ఊ అనే దీర్ఘం ఉండేది, హూస్, మూస్, అలాగ. లండన్‌లో ఆ ఊ కాస్తా ఔ అయింది, విండ్‌హిల్‌లో ఆ అయింది. రెండూ మారినవే. ఒకటి అసలు, రెండోది దాని పాడైపోయిన కాపీ అనడానికి లేదు. ఒకే తల్లికి ఇద్దరు కూతుళ్ళు, ఒకావిడ రాజధానిలో కాపరం పెట్టింది, అంతే తేడా.

యాసలు కొన్నిసార్లు రాజధాని పారేసుకున్న వస్తువుల్ని కూడా దాచిపెడతాయి. మనకి నువ్వు, మీరు అని రెండున్నాయి కదా, ఇంగ్లిష్‌లోనూ ఒకప్పుడు ఉండేవి. ప్రామాణిక భాషలో నువ్వు పోయి మీరే మిగిలింది. యార్క్‌షైర్ పల్లెల్లో, మిల్లుల్లో ఆ నువ్వు బతికే ఉంది. ఆడుకోవడాన్ని అక్కడ లేక్ అంటారు, ఎప్పుడో వెయ్యేళ్ళ కింద ఓడల్లో వచ్చిన వైకింగుల మాట అది. వేరే రాష్ట్రాల దాకా ఎందుకు, ఐరోపాలో ఎప్పుడో చచ్చిపోయిన గోథిక్ భాషలో కూడా గంతులేయడానికి దాదాపు అదే మాట ఉంది. మిల్లు కుర్రాళ్ళు పనిలేని రోజున వాడే మాటకి అంత పెద్ద చుట్టరికం ఉందన్నమాట.

ఇప్పుడు అసలు పని. ఇంగ్లండ్‌లో 1873 నుంచి యాసల సంఘం ఒకటుండేది, వాల్టర్ స్కీట్ అనే పండితుడు మొదలుపెట్టింది. ఊళ్ళో పాదిరీలూ, పంతుళ్ళూ, ఆసక్తి ఉన్నవాళ్ళూ తమ చుట్టుపక్కల వినపడిన మాటలన్నీ చీటీల మీద రాసి పంపేవాళ్ళు. అప్పుడు తయారవుతున్న ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో యాస మాటలన్నిటికీ చోటు లేదు, కాబట్టి వాటికి వేరే నిఘంటువు కావాలి. చీటీలు పోగవుతున్నాయి గానీ కూర్చుని వాటిని నిఘంటువు చేసే నాథుడు లేడు. చివరికి రైట్ ఒప్పుకున్నాడు. ఆయన చేతికి వచ్చిన చీటీల బరువు దాదాపు ఒక టన్ను అని చెప్తారు.

మనం డేటా క్లీనింగ్ అంటే రెండు రోజులకే విసుక్కుంటాం. ఈయన టన్ను కాగితాలు చూసి, ఇవి చాలవు, ఇంకా కావాలి అన్నాడు. దేశమంతా వందలమంది స్వచ్ఛంద కార్యకర్తల్ని కూడగట్టాడు. యార్క్‌షైర్‌లో మాటలు సేకరించడానికి ఆయన ప్రోత్సాహంతో 1894లో ఏర్పడిన కమిటీయే 1897లో యార్క్‌షైర్ యాసల సంఘం అయింది, అది ఇప్పటికీ నడుస్తోంది. చందాదారుల్ని పోగుచేశాడు, చాలక తన సొంత డబ్బు పెట్టాడు. ఎక్కడ ఏ జిల్లాలో ఆ మాట వాడతారు, ఎలా పలుకుతారు, ఏ అర్థంలో, ఎవరు చెప్పారు, అన్నీ రాయాలి. 1898 నుంచి 1905 దాకా ఆరు పెద్ద సంపుటాలుగా ఇంగ్లిష్ యాసల నిఘంటువు వచ్చింది. అంతకుముందు రెండు వందల ఏళ్ళలో వాడుకలో ఉన్న యాస మాటలన్నీ అందులో చేర్చాలన్నది ఆయన పట్టుదల. 1905లోనే యాసల వ్యాకరణం కూడా పూర్తయింది.

ఎందుకంత తొందర అంటే, కాలం ఆగదని ఆయనకి తెలుసు. రైళ్ళు వచ్చాయి, బడులు వచ్చాయి. తను కష్టపడి సంపాదించుకున్న చదువే ఇప్పుడు పల్లెపిల్లల నోట్లోంచి ఆ మాటల్ని తీసేస్తోంది. ఆయన భయం నిజమే అయింది. 1917లో డేనియల్ జోన్స్ ఇంగ్లిష్ ఉచ్చారణ నిఘంటువు తెచ్చినప్పుడు, అందులో నమూనాగా పెట్టుకున్నది ఖరీదైన ప్రైవేటు బడుల్లో చదివిన వాళ్ళ ఉచ్చారణ. 1926లో బీబీసీ కూడా అనౌన్సర్లు ఏది ఎలా పలకాలో చెప్పడానికి ఒక కమిటీ వేసింది. నా ఫీడ్‌బ్యాక్ కాగితం మీద ఉన్న మూడు అక్షరాలు ఎక్కడో ఆ వరసలోవే అని నాకు అనిపిస్తుంది.

పట్టించుకోని ఆ మాటలే ఓడలెక్కి ప్రపంచం చుట్టి వచ్చాయి. దేశాలకి వలస వెళ్ళింది ఎక్కువగా కూలీలు, సిపాయిలు, ఖైదీలు. వాళ్ళ యాసలూ వాళ్ళతోపాటే వెళ్ళాయి. ఆస్ట్రేలియావాళ్ళు నిజం, నిఖార్సు అనడానికి డింకమ్ అంటారు, క్రికెట్ కామెంటరీలో వినే ఉంటారు. ఆ మాట ఇంగ్లండ్‌లో లింకన్‌షైర్ పల్లెల్లో పని అనే అర్థంలో ఉండేదని రైట్ నిఘంటువులో కనిపిస్తుంది. కారు అనే పదం చివర ర ని అమెరికావాళ్ళు గట్టిగా పలుకుతారు, లండన్ పెద్దమనుషులు మింగేస్తారు. పాతకాలపు పలుకుబడిని దాచుకున్నది ఇక్కడ అమెరికావాళ్ళే. మరి ఎవరిది యాస, ఎవరిది భాష?

1901లో రైట్ ఆక్స్‌ఫర్డ్‌లో తులనాత్మక భాషాశాస్త్ర ప్రొఫెసర్ అయ్యాడు, 1925 దాకా ఆ పదవిలో ఉన్నాడు. ఆ కుర్చీలో కూర్చుని కూడా ఆయన యార్క్‌షైర్ పలుకు పోలేదు, పోగొట్టుకోవాలని ఆయన అనుకోనూ లేదు. తన దగ్గర చదువుకున్న ఎలిజబెత్ మేరీ లీని 1896లో పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ కూడా పండితురాలే, ఇద్దరూ కలిసి పాత ఇంగ్లిష్ వ్యాకరణం రాశారు. ఆదివారాలు విద్యార్థుల్ని టీకి పిలిచి యార్క్‌షైర్ పద్ధతిలో కడుపునిండా పెట్టేవారు. ఆయన కుక్క జాక్‌కి గోథిక్ భాషలో అత్తిచెట్టు అనే మాట వినపడితే మూతి నాక్కోవడం నేర్పాడట. గోథిక్ అర్థమయ్యే కుక్క ప్రపంచంలో అదొక్కటే అయి ఉండాలి. ఆ గోథిక్ మీద ఆయన రాసిన చిన్న పాఠ్యపుస్తకమే స్కూల్లో ఉన్న టోల్కీన్ చేతిలో పడి అతన్ని భాషల పిచ్చివాణ్ణి చేసింది. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో టోల్కీన్‌కి ఆయనే పాఠం చెప్పాడు.

ఆయన్ని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. ఆడవాళ్ళు చదువుకోవాలన్నాడు, వాళ్ళకి పాఠాలు చెప్పాడు, భార్యతో కలిసి పుస్తకాలు రాశాడు. కానీ యూనివర్సిటీ వ్యవహారాల్లో వాళ్ళకి ఓటు ఉండకూడదన్నాడు, ఆడవాళ్ళు గుంపుగా ఓటేస్తారని ఆయన వాదన. పేటవాళ్ళ మాట తక్కువ కాదని రుజువు చేసిన మనిషికి, పక్కనే కూర్చుని పనిచేసే మనిషి తీర్పు తక్కువ కాదని తోచకపోవడం నాకు బాధ కలిగించింది.

ఆయనకి దెబ్బలు కూడా తక్కువ తగల్లేదు. ఇద్దరు పిల్లలు పుట్టి, ఇద్దరూ చిన్నతనంలోనే పోయారు. ఆక్స్‌ఫర్డ్‌లో కట్టుకున్న ఇంటికి పుట్టిన ఊరి పేరే పెట్టుకున్నాడు, థాక్లీ అని. 1930 ఫిబ్రవరి 27న ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. చివరిగా ఆయన నోట వచ్చిన మాట నిఘంటువు అనే అర్థమిచ్చే డిక్షనరీ అట. రెండేళ్ళకి భార్య ఆయన జీవితచరిత్ర రాసి అచ్చువేయించింది. ఆయన నిఘంటువుని ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ యూనివర్సిటీ డిజిటైజ్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది, ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

తెలుగులో ఇలాంటి పని జరగలేదా అంటే జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా రైతుల దగ్గర వ్యవసాయ పదాలు సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. తర్వాత చేనేత పదాలతో ఇంకోటి వచ్చింది. మీ ఊళ్ళో నాగలి భాగాల్ని ఏమంటారో మీకు తెలియకపోవచ్చు గానీ, ఆ పుస్తకాలకి తెలుసు.

ఇక నా సంగతి. రైట్ కథ చదివాక నా ఎం.టి.ఐ. ని నేనే పరీక్షించుకున్నాను. బస్ ని బస్సు, రోడ్ ని రోడ్డు, కోడ్ ని కోడు అంటాను. ఎందుకు? అచ్చతెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది కాబట్టి. అది నా బద్ధకం కాదు, నా భాష నియమం. అలాగని ఇంటర్వ్యూలో కూడా ఇలాగే మాట్లాడతానని మొండికేయను. రైట్ కూడా తన పుస్తకాలన్నీ ప్రామాణిక ఇంగ్లిష్‌లోనే రాశాడు. అవతలివాళ్ళకి అర్థమయ్యేలా నిదానంగా, స్పష్టంగా మాట్లాడటం నేర్చుకుంటున్నాను. నేర్చుకోవడం వేరు, సిగ్గుపడటం వేరు. ఆ తేడా తెలియడానికి నాకు మూడేళ్ళు, ఒక గాడిద బండి కుర్రాడు కావాల్సి వచ్చాయి.

మొన్న సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి నాయనమ్మ పక్కన కూర్చున్నాను. వస్తాను అని మనం అనేచోట ఆవిడ వత్తాను అంటుంది. చేస్తాను కి సేత్తాను, చూస్తాను కి సూత్తాను. స్త ఉన్నచోటల్లా త్త, చ మొదలైతే స. పది నిమిషాలు విన్నాను, ఒక్కచోట కూడా తప్పలేదు. విండ్‌హిల్ ఆస్, మాస్ లాగే. ఇదంతా ఎందుకని ఆవిడ అడిగింది. హాస్టల్ దగ్గర ఆరోజు అలా అన్నందుకు అని చెప్పాను. ఆవిడకి ఆ సంగతి గుర్తులేదన్నట్టు మొహం పెట్టింది. గుర్తుందని నాకు తెలుసు.

మీ ఇళ్ళలో ఉన్న పెద్దవాళ్ళ మాటలు కూడా ఈ సెలవుల్లో ఒక పావుగంట రికార్డ్ చేసి పెట్టుకోండి. టన్ను చీటీలు అక్కర్లేదు, ఫోన్‌లో కాస్త జాగా ఉంటే చాలు.